ఇవ్వలేమంటే ఎందుకివ్వలేరో రాసివ్వండి

మందమర్రి, మంచిర్యాల జిల్లా

గౌరవనీయులైన విద్యాశాఖ ముఖ్య కార్యదర్శి గారికి,
తెలంగాణ ఉన్నత విద్యామండలి అధ్యక్షుల వారికి,
ప్రతి: రాష్ట్ర సమాచార కమిషన్, హైదరాబాద్.

విషయం: విద్యార్థులు అడిగిన సమాచారాన్ని విశ్వవిద్యాలయాలు మినహాయింపుల పేరుతో నిరాకరిస్తున్న తీరు, దాన్ని సరిదిద్దే మార్గదర్శకాల జారీ గురించి వినతి.

అయ్యా / అమ్మా,

మేము మందమర్రి, రామకృష్ణాపూర్, బెల్లంపల్లి సింగరేణి బొగ్గు బాయిల మీద బతికే కుటుంబాల వాళ్లం. మాలో కొందరికి ఇంకా మస్టర్ (బాయిలో హాజరు) పడుతోంది, కొందరు దిగిపోయారు. ఎక్కువమంది డిగ్రీ, పీజీ చదువుతున్న పిల్లలు. గోదావరికి ఇవతల ఉన్నందుకు మా డిగ్రీ కాలేజీలు కాకతీయ విశ్వవిద్యాలయం కిందికి వస్తాయి. నది దాటి గోదావరిఖని వెళ్తే శాతవాహన. ఇంజినీరింగ్ పిల్లలకు జేఎన్‌టీయూ హైదరాబాద్, షిఫ్టు చేసుకుంటూ చదివేవాళ్లకు అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం. కొత్తగూడెంలో 1978లో మొదలైన మైనింగ్ కాలేజీ 2025లో మన్మోహన్ సింగ్ పేరుతో ఎర్త్ సైన్సెస్ యూనివర్సిటీ అయింది కాబట్టి రేపు అక్కడికీ వెళ్తారు. కంపెనీ ఒకటే అయినా మా ఇళ్లలో ఒక్కో బీరువాలో రెండు మూడు యూనివర్సిటీల మెమోలు ఉంటాయి. అందుకే ఇది ఏ ఒక్క యూనివర్సిటీ మీదా ఫిర్యాదు కాదు. అన్నిటికీ ఒకే పద్ధతి పెట్టమని మీకు విన్నవించుకుంటున్నాం.

మీ దాకా నేరుగా ఎందుకు వచ్చామంటే, మా పట్టణం ఏజెన్సీ ప్రాంతమన్న వివాదంతో మందమర్రి మున్సిపాలిటీకి దశాబ్దాలుగా ఎన్నికలు లేవు. కౌన్సిలర్‌తో చెప్పించుకునే దారి మాకు లేదు.

ముందే ఒక మాట చెప్పేస్తాం. సమాచార హక్కు (సహ) చట్టంలో మినహాయింపులు ఉండకూడదని మేము అనడం లేదు. కొన్ని ఉండాల్సిందే, అవేమిటో మేమే కింద రాశాం. మా బాధ వేరు. సెక్షన్ 8(1)లో ‘ఎ’ నుంచి ‘జె’ దాకా పది క్లాజులున్నాయి. వాటిలో ఏదో ఒక అక్షరం రాసి పంపితే పని అయిపోయిందనుకునే అలవాటు యూనివర్సిటీ సెక్షన్లలో పాతుకుపోయింది. ఏ క్లాజు, కాగితంలో ఏ భాగానికి, ఏ కారణంతో వర్తిస్తుందో రాసివ్వమన్నదే మా కోరికల సారం. తక్కినవన్నీ దానికి కొమ్మలు.

మాలో ఒక ఎస్‌డీఎల్ (బాయిలో బొగ్గు ఎత్తే యంత్రం) ఆపరేటర్ బిడ్డ సంగతి చెబుతాం. డిగ్రీ నాలుగో సెమిస్టర్‌లో ఒక పేపరు పోయింది. బాగా రాశానన్న నమ్మకంతో తన జవాబు పత్రం నకలు ఇమ్మని సహ చట్టం కింద ఒక యూనివర్సిటీకి దరఖాస్తు పెట్టుకుంది. వచ్చిన జవాబు సగం పేజీ. పైన రెఫరెన్సు నంబరు, కింద గుండ్రటి ముద్ర, మధ్యలో ఒకటే వాక్యం. కోరినది వ్యక్తిగత సమాచారం కనుక 8(1)(జె) కింద ఇవ్వడం వీలుపడదట. సంతకం ఉంది, దాని కింద పేరు లేదు. అప్పీలు ఎవరికి చేసుకోవాలో, ఎన్ని రోజుల్లో చేసుకోవాలో అసలే లేదు. ఆ పేపరు ఎవరి వ్యక్తిగతం? రాసిన పిల్లదే కదా! ఆమె చేతిరాతను ఆమెకు చూపిస్తే ఎవరి గోప్యతకు భంగం కలుగుతుందో ఆ ముద్ర వేసినవారే చెప్పాలి.

ఇది కొత్త చర్చ కూడా కాదు. 2011 ఆగస్టు 9న సీబీఎస్‌ఈ – ఆదిత్య బందోపాధ్యాయ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది. దిద్దిన జవాబు పత్రం సమాచారమే, దాన్ని రాసిన అభ్యర్థికి చూపించాలి, నకలు అడిగితే ఇవ్వాలి. విశ్వాస బంధం వల్ల రహస్యంగా ఉంచుతున్నామన్న బోర్డు వాదన అభ్యర్థి సొంత పేపరు విషయంలో నిలవదు. బోర్డు సొంత నిబంధనలు అడ్డొస్తే చట్టానిదే పైచేయి. అదే తీర్పులో పేపరు దిద్దినవారి పేరు, సంతకం, కోడు నంబరు కప్పేసి ఇవ్వమన్నారు. సెక్షన్ 10 ఉన్నది ఇలాంటి సందర్భం కోసమే. దాచాల్సిన భాగం మేర కప్పి, మిగతాది ఇవ్వాలి. కప్పడానికి ఒక తెల్ల కాగితం ముక్క చాలు.

న్యాయంగా ఇంకో సంగతీ చెప్పాలి. అదే తీర్పులో, పనికిరాని సమాచారమంతా అడుగుతూ ఆఫీసుల పని ఆగిపోయేలా చేయొద్దన్న హెచ్చరిక కూడా ఉంది. యూనివర్సిటీల నిరాకరణ లేఖలకు ఆ నాలుగు వాక్యాలు నోటికి వచ్చు, అంతకు ముందున్న పేజీలు మాత్రం గుర్తుండవు. ఒక పిల్ల తన ఒక్క పేపరు అడిగితే ఏ యూనివర్సిటీ పనీ ఆగిపోదు. పని భారమన్న మాట చట్టంలో సెక్షన్ 7(9)లో వస్తుంది, అదీ సమాచారం ఇచ్చే రూపం గురించే. నకళ్లు తీయడం కష్టమైతే కూర్చోబెట్టి రికార్డు చూపించొచ్చు. అసలు ఇవ్వకుండా ఉండటానికి ఆ సెక్షన్ దారి చూపదు.

ఇక్కడ అసలు చిక్కు గడువుల్లో ఉంది. ఫలితాలొచ్చాక రీవాల్యుయేషన్‌కు దరఖాస్తు చేసుకునే గడువు కొద్ది రోజులే. సహ చట్టం కింద జవాబివ్వడానికి 30 రోజులు. నిరాకరిస్తే మొదటి అప్పీలుకు మరో 30, సాగదీస్తే 45. నకలు చేతికొచ్చి తప్పు కనిపించేసరికి రీవాల్యుయేషన్ కిటికీ మూతపడి ఉంటుంది. అందుకని పిల్లలు పేపరు చూడకుండానే గుడ్డిగా ఫీజు కట్టేస్తారు. ఏ పేపరు తిరిగి దిద్దించుకోవాలో తెలియక రెండు మూడు పేపర్లకు కడతారు. కాబట్టి, జవాబు పత్రం కోసం దరఖాస్తు పెట్టిన విద్యార్థికి ఆ నకలు అందిన రోజు నుంచే రీవాల్యుయేషన్ గడువు లెక్కవేయాలని కోరుతున్నాం. మా కోరికల్లో ఇది ముఖ్యమైనది. దీనికి చట్టం మార్చనక్కర్లేదు, పరీక్షల విభాగం ఒక సర్క్యులర్ ఇస్తే సరిపోతుంది.

దీనితో పాటే నిల్వ సంగతి. జవాబు పత్రాలు ఎంతకాలం ఉంచుతారో, ఎప్పుడు పాత కాగితం కింద అమ్మేస్తారో నోటిఫికేషన్‌లోనే ప్రకటించాలి. దరఖాస్తో అప్పీలో నడుస్తున్న పేపరును అది తేలేదాకా పక్కన పెట్టాలి. లేకపోతే అప్పీల్లో గెలిచినవాడికి ‘పత్రాలు ధ్వంసం చేయబడినవి’ అన్న లేఖ మిగులుతుంది.

ఫీజు గురించి. మన రాష్ట్రంలో సహ చట్టం దరఖాస్తుకు రూ.10, మండల స్థాయిలో రూ.5, గ్రామ స్థాయిలో ఏమీ లేదు. మామూలు పేజీ నకలు రూ.2, దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవాళ్లకు దరఖాస్తు రుసుము లేదు. రికార్డు చూడటానికి మొదటి గంట ఉచితం. యూనివర్సిటీలేమో జవాబు పత్రం నకలుకు తమ సొంత ఫీజు పెట్టుకుని, సహ చట్టం కింద అడిగినవాళ్లనూ ఆ దారికే మళ్లిస్తున్నాయి. ఈ వివాదం కంపెనీ సెక్రటరీల సంస్థ – పరస్ జైన్ కేసులో 2019 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టుకు వెళ్లింది. సంస్థ సొంత పద్ధతీ ఉండొచ్చు, సహ చట్టమూ ఉంటుంది, ఏ దారిన వెళ్లాలో అభ్యర్థి ఇష్టం, సహ చట్టం దారిన వస్తే ఆ చట్టం రుసుమే తీసుకోవాలి అని కోర్టు చెప్పింది. ఈ ఒక్క ముక్కను ప్రతి యూనివర్సిటీ పరీక్షల నోటిఫికేషన్‌లో అచ్చు వేయించండి.

ఇప్పుడు ‘జె’ క్లాజు దగ్గరికి వస్తాం. మా భయం ఎక్కువగా దీని గురించే.

2025 నవంబరు దాకా ఆ క్లాజు పొడవుగా ఉండేది. ప్రజా కార్యకలాపంతో సంబంధం లేని వ్యక్తిగత సమాచారమైతేనో, వెల్లడిస్తే అకారణంగా ఒకరి గోప్యతలోకి చొరబడినట్టయితేనో ఇవ్వనక్కర్లేదని, అయినా విస్తృత ప్రజా ప్రయోజనం ఉంటే ఇవ్వాలని అందులోనే ఉండేది. శాసనసభకు నిరాకరించలేనిది పౌరుడికీ నిరాకరించకూడదన్న వాక్యమూ ఉండేది. డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 2023లోని 44(3) సెక్షన్ అమల్లోకి రావడంతో ఇవన్నీ ఎగిరిపోయాయి. వ్యక్తిగత సమాచారమైతే చాలు, మినహాయింపే. పేరున్న ప్రతి కాగితమూ వ్యక్తిగతమేనంటే యూనివర్సిటీలో ఇవ్వదగిన కాగితం ఏది మిగులుతుంది? ఎంపిక జాబితాలో పేర్లుంటాయి, లెక్చరర్ల అర్హతల పట్టికలో పేర్లుంటాయి, హాస్టల్ మెస్ కాంట్రాక్టులోనూ ఒక పేరుంటుంది.

ఇందులో ఒక తమాషా చూడండి. అదే 2023 చట్టం 11వ సెక్షన్ మనిషికి తన సమాచారం తాను అడిగి తెలుసుకునే హక్కు ఇస్తోంది. దాచే వీలు కల్పించే సెక్షన్ వెంటనే అమల్లోకి వచ్చింది, అడిగే హక్కు ఇచ్చే సెక్షన్‌కు మాత్రం పద్దెనిమిది నెలల గడువు పెట్టారు. వ్యక్తిగత సమాచార రక్షణలో మనకంటే చాలా ముందు నుంచీ కఠినంగా ఉన్న ఐరోపాలో ఏం జరిగిందో కూడా చెప్పాలి. ఐర్లాండులో అకౌంటెన్సీ పరీక్ష తప్పిన నోవాక్ అనే అభ్యర్థి తన పేపరు చూపించమన్నాడు, సంస్థ కాదంది. 2017 డిసెంబరు 20న ఐరోపా న్యాయస్థానం అభ్యర్థి రాసిన జవాబులూ, వాటి పక్కన దిద్దినవారు రాసిన వ్యాఖ్యలూ ఆ అభ్యర్థి వ్యక్తిగత సమాచారమేనని చెప్పింది. కనుక చూసే హక్కు అతనికి ఉంది. అక్కడ చూపించడానికి కారణమైనదే ఇక్కడ దాచడానికి కారణమవుతోంది.

ఢిల్లీ యూనివర్సిటీ కేసు మాకు తెలియక కాదు. ప్రధానమంత్రి డిగ్రీ వివాదంలో 1978 బీఏ ఉత్తీర్ణుల రికార్డు చూపించమని 2016 డిసెంబరులో ఆదేశించిన కేంద్ర సమాచార కమిషనర్ మాడభూషి శ్రీధర్ మన వరంగల్ మనిషే. ఆ ఆదేశాన్ని 2025 ఆగస్టు 25న ఢిల్లీ హైకోర్టు కొట్టేసింది. విద్యార్థి మార్కులు, డిగ్రీ వివరాలు వ్యక్తిగతమేనని, ఆసక్తి కొద్దీ అడిగితే ఇవ్వనక్కర్లేదని చెప్పింది. ఆ తీర్పు మీద మాలోనే రెండు అభిప్రాయాలున్నాయి. ఊరి రచ్చబండ మీద తేలే విషయం కాదని దాన్ని పక్కన పెట్టాం. కానీ అది మూడో వ్యక్తి అడిగిన కేసు. తన కాగితం తాను అడిగే విద్యార్థికి ఆ తీర్పు చూపించి తలుపు వేయకూడదు. ఇప్పుడు ఆ పనే జరుగుతోంది.

కాబట్టి మీరు ఇవ్వవలసిన ఆదేశం ఇది. దరఖాస్తుదారు తన సొంత జవాబు పత్రం, తన మార్కుల వివరం, తన ఇంటర్నల్స్, తన హాజరు, తనపై పెట్టిన మాల్‌ప్రాక్టీస్ కేసు ఫైలు అడిగినప్పుడు ‘జె’ క్లాజు వాడరాదు. ఇతరులకు సంబంధించినది అడిగినప్పుడు ‘జె’ వాడదలిస్తే సెక్షన్ 8(2)ను కూడా ఆలోచించామని, ప్రజా ప్రయోజనం ఎందుకు తక్కువని తేల్చామో లేఖలో రాయాలి. 8(2)ను ఎవరూ తీసేయలేదు. కాపాడే ప్రయోజనం కంటే వెల్లడిలో ప్రజా ప్రయోజనం ఎక్కువైతే ఏ మినహాయింపు ఉన్నా ఇవ్వొచ్చని అది ఇంకా చెబుతూనే ఉంది. సవరణను సమర్థించుకుంటూ కేంద్రం చూపించిందీ దాన్నే.

ఏవి ఇవ్వకూడదో మా వైపు నుంచి చెబుతామన్నాం. ఆడపిల్లల ఫోన్ నంబర్లు, ఇంటి చిరునామాలు, ఫొటోలు, ఆధార్, బ్యాంకు ఖాతా, కుల ధ్రువపత్రం నకలు, వైద్య పత్రాలు ఎవరడిగినా ఇవ్వొద్దు. ఎవరు పేపరు దిద్దారో చెప్పొద్దు, వారికీ ఇల్లూ వాకిలీ ఉంటాయి. ఇంటర్వ్యూ బోర్డులో ఎవరు కూర్చున్నారన్నది బయటపెట్టనక్కర్లేదని 2012లో బీహార్ పబ్లిక్ సర్వీస్ కమిషన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది, దానికీ తగాదా లేదు. రాబోయే పరీక్ష ప్రశ్నపత్రం, దిద్దేవారికి ఇచ్చే అంతర్గత సూచనలు కూడా మేము అడగం. జరిగిపోయిన పరీక్ష ప్రశ్నపత్రం, దాని నమూనా జవాబులు మాత్రం ఫలితాలతో పాటే పెట్టండి. పరీక్ష అయ్యాక వాటిలో రహస్యమేమీ లేదని చార్టర్డ్ అకౌంటెంట్ల సంస్థ కేసులో 2011లోనే తేలింది.

పీహెచ్‌డీ ప్రవేశాలు ఇంకో రకం. 2023 సెప్టెంబరులో కాకతీయ విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీ సీట్ల కేటాయింపులో అక్రమాలు జరిగాయని ఆరోపిస్తూ విద్యార్థులు చేసిన ఆందోళన అరెస్టుల దాకా, వరంగల్ బంద్ దాకా వెళ్లింది. ఆరోపణలు నిజమా కాదా అన్నది మేము తేల్చగలిగింది కాదు. మాకు కనిపించింది వేరు. ఏ విభాగంలో ఎన్ని సీట్లు, ఏ గైడు దగ్గర ఎన్ని ఖాళీలు, రోస్టర్ పాయింటు ఏది, ప్రవేశ పరీక్షకు ఎన్ని, ఇంటర్వ్యూకు ఎన్ని మార్కులు వచ్చాయన్న పట్టిక హాల్‌టికెట్ నంబర్లతో గోడకు అంటించి ఉంటే ఆ పిల్లలు రోడ్డెక్కే పని సగం తగ్గేది. ప్రభుత్వ కొలువుల పోటీలో ఇతర అభ్యర్థుల మార్కులు ఇవ్వొచ్చని 2024 నవంబరులో బొంబాయి హైకోర్టు అంది. సివిల్స్ మెయిన్స్ మార్కుల విషయంలో 2018లో సుప్రీంకోర్టు యాంత్రికంగా ఇచ్చేయకూడదని, అవసరాన్ని తూచి చూడాలని అంది. రెండూ చదివితే దారి ఒకటే కనిపిస్తోంది. అడిగినప్పుడల్లా వాదులాడుకునే బదులు సెక్షన్ 4 కింద యూనివర్సిటీయే ముందుగా పెట్టేయడం. సీటు రానివారికి ఎందుకు రాలేదో చెప్పడం దయ కాదు, ప్రభుత్వ సంస్థ తన నిర్ణయాల వల్ల దెబ్బతిన్నవారికి కారణాలు చెప్పాలని సెక్షన్ 4(1)(డి) ఎప్పటినుంచో అంటోంది.

ప్రైవేటు కాలేజీల విషయానికి వస్తే, మా పిల్లల్లో చాలామంది చదివేది వాటిలోనే. గుర్తింపు ఇచ్చే ముందు యూనివర్సిటీ తనిఖీ బృందం వచ్చి పోతుంది. వాళ్లొచ్చిన రోజు ల్యాబులో తెల్ల కోట్లు, లైబ్రరీలో కొత్త అట్టలు, స్టాఫ్ రూంలో మేము ఎన్నడూ చూడని ముఖాలు కనిపిస్తాయి. ఆ బృందం ఏం రాసిందో చూపించమంటే కాలేజీ ‘మూడో పక్షం’, అది ఒప్పుకోలేదు కాబట్టి ఇవ్వలేమంటారు. సెక్షన్ 11 మూడో పక్షానికి ఇచ్చింది అభ్యంతరం చెప్పుకునే అవకాశమే. అయిదు రోజుల్లో నోటీసు ఇవ్వాలి, వారికి పది రోజుల గడువు, నలభై రోజుల్లో అధికారి తనంతట తాను నిర్ణయించాలి. కాలేజీ వద్దన్నంత మాత్రాన నిర్ణయం అయిపోయినట్టు కాదు. పైగా తనిఖీ నివేదిక రాసింది యూనివర్సిటీ, అది యూనివర్సిటీ కాగితం. కాలేజీ దగ్గరున్న కాగితమైనా, వేరే చట్టం కింద యూనివర్సిటీ తెప్పించుకోగలిగితే అదీ సెక్షన్ 2(ఎఫ్) ప్రకారం సమాచారమే. ఫీజు రీయింబర్స్‌మెంట్ కింద ప్రభుత్వ సొమ్ము ఆ కాలేజీలకు వెళ్తున్నప్పుడు లెక్చరర్లు ఎంతమంది, వారి చదువేమిటి, అదే పేరు ఇంకో కాలేజీ రికార్డులో ఉందా అన్నవి వారి ఇంటి విషయాలు కావు. తనిఖీ నివేదికలను ప్రతి ఏటా డిగ్రీ ప్రవేశాలు మొదలయ్యేలోపు వెబ్‌సైటులో పెట్టించండి. పిల్లలు డిగ్రీ ఆన్‌లైన్ ప్రవేశాల ‘దోస్త్’లో ఆప్షన్లు ఇచ్చుకునేటప్పుడు అవి పనికిరావాలి, ఇచ్చుకున్నాక కాదు.

వాణిజ్య రహస్యమన్న ‘డి’ క్లాజు గురించి ఎక్కువ రాయం. 2019 ఏప్రిల్ ఇంటర్మీడియట్ ఫలితాలు ఎవరూ మరచిపోలేదు. అది యూనివర్సిటీ కాకపోయినా పాఠం ఒకటే. మార్కుల లెక్కను ఒక ప్రైవేటు సంస్థ చేతిలో పెట్టారు. ఇరవైమందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. మన మంచిర్యాల జిల్లా అమ్మాయి ఒకరికి తెలుగులో సున్నా వేశారు, తిరిగి చూస్తే 99. గొడవ పెద్దదయ్యాకే ఫెయిలైనవాళ్ల పేపర్లన్నీ ఉచితంగా మళ్లీ సరిచూశారు. ఫలితాల పని బయటి సంస్థలకు ఇచ్చే ప్రతి యూనివర్సిటీ ఆ టెండరు, ఒప్పందం, తప్పు జరిగితే జరిమానా ఎంతన్న షరతు బయట పెట్టాలి. సాఫ్ట్‌వేర్ కోడ్ దాచుకోండి, ఒప్పందాన్ని దాచకండి.

అలాగే ‘హెచ్’ క్లాజు కింద చెప్పే ‘విచారణ జరుగుతోంది’ అన్న మాట. పేపరు లీకు విచారణ, మెస్ బిల్లుల విచారణ, నియామకాల విచారణ ఏళ్ల తరబడి జరుగుతూనే ఉంటాయి. విచారణ నడుస్తోందనడం చాలదు, ఈ కాగితం ఇస్తే అది ఎలా దెబ్బతింటుందో చూపాలని 2007లో భగత్ సింగ్ కేసులో ఢిల్లీ హైకోర్టు చెప్పింది. ‘హెచ్’ క్లాజు వాడిన ప్రతి లేఖలో విచారణాధికారి హోదా, మొదలైన తేదీ, ముగించాల్సిన తేదీ ఉండాలి. ముగిసిన నెలలో నివేదికను వెల్లడించాలి.

ఇక నిరాకరణ లేఖ ఎలా ఉండాలన్నది. సెక్షన్ 7(8) ఇప్పటికే చెబుతోంది. కారణం, అప్పీలు గడువు, అప్పీలు అధికారి వివరం మూడూ రాయాలి. మినహాయింపు వర్తిస్తుందని రుజువు చేయాల్సింది అధికారే అని 19(5) అంటోంది. ఏ ఉద్దేశంతో అడుగుతున్నావని అడగకూడదని 6(2) అంటోంది, అయినా ఫోన్ చేసి ‘ఎందుకమ్మా నీకిదంతా’ అనేవాళ్లున్నారు. పరీక్ష రాయాల్సిన పిల్లకు ఆ ఫోనే చాలు, దరఖాస్తు వెనక్కి తీసుకోవడానికి. కాబట్టి రాష్ట్రమంతటికీ ఒకే నిరాకరణ నమూనా పత్రం తయారు చేయించండి. క్లాజు, అది వర్తించే పేజీ, కారణం, సెక్షన్ 10 కింద మిగతా భాగం ఇస్తున్నారా లేదా, 8(2) పరిశీలన, అధికారి పేరు, అప్పీలు అధికారి చిరునామా. ఈ గళ్లు ఖాళీగా ఉంటే ఆ లేఖ చెల్లదని అనండి. అది తెలుగులో ఉండాలి. దరఖాస్తు తెలుగులో రాస్తే జవాబు ఇంగ్లిషులో రావడం మాకు అలవాటైపోయింది గానీ అది సరైన అలవాటు కాదు.

2025 నవంబరు దాకా అమల్లో ఉన్న మైన్స్ యాక్టు 1952, సెక్షన్ 62 ప్రకారం ప్రతి బాయి దగ్గర చట్టం సారాంశాన్ని ఇంగ్లిషుతో పాటు నిర్దేశించిన ఇతర భాషలో అంటించి ఉంచాల్సి ఉండేది. మూడో షిఫ్టుకు దిగే కార్మికుడు కూడా దీపం వెలుగులో దాన్ని చదువుకోగలిగేవాడు. పరీక్షల విభాగం బయట కూడా అలాంటి బోర్డు ఒకటి పెట్టించండి. ఏ కాగితం అడగకుండానే దొరుకుతుంది, ఏది అడిగితే ఇస్తారు, ఏది ఇవ్వరు, ఎందుకివ్వరు, ఎవరిని కలవాలి. కొత్తగూడెం కొత్త యూనివర్సిటీలో ఇంకా పాత అలవాట్లు పాతుకుపోలేదు కాబట్టి అక్కడి నుంచే మొదలుపెట్టమని మా సలహా.

దూరం సంగతి మీకు లెక్కలోకి రాకపోవచ్చు. మాకు వస్తుంది. రికార్డు చూసుకోవడానికి రమ్మంటే పొద్దున రైలెక్కి కాజీపేటలో దిగి ఆటో పట్టుకోవాలి, పిల్లతో పాటు తండ్రి వెళ్తే ఒక మస్టర్ పోతుంది. వెళ్తే సంబంధిత సెక్షన్ ఆఫీసర్ సెలవు. సెక్షన్ 5(2) ప్రకారం కింది స్థాయిలో సహాయ సమాచార అధికారులను నియమించి దరఖాస్తులు, అప్పీళ్లు అక్కడే తీసుకోవాలి. మంచిర్యాల జిల్లాలో ఏదైనా ఒక ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో అలాంటి అధికారిని అన్ని యూనివర్సిటీల తరఫునా పెట్టండి. స్కాన్ చేసిన పేపరును అక్కడే చూపించే ఏర్పాటు చేయండి. కాలేజీని అడిగితే యూనివర్సిటీని అడగమని, యూనివర్సిటీని అడిగితే కాలేజీని అడగమని తిప్పడం ఆగాలి. తమ దగ్గర లేని సమాచారం కోసం వచ్చిన దరఖాస్తును అయిదు రోజుల్లో సరైన చోటికి పంపాల్సిన బాధ్యత 6(3) కింద ఆఫీసుదే, మాది కాదు.

రాష్ట్ర సమాచార కమిషన్‌కు విడిగా రెండు విన్నపాలు. 2023 తొలి నెలల నుంచి 2025 మే దాకా కమిషన్‌లో ఒక్క కమిషనరైనా లేరు. సుప్రీంకోర్టు కూడా ఆ సంగతి ప్రస్తావించింది. ఆ రోజుల్లో రెండో అప్పీలు అంటే పోస్టాఫీసు రసీదు తప్ప ఇంకేమీ కాదు. ఆ కాలంలో కోర్సు పూర్తయి వెళ్లిపోయిన పిల్లల అప్పీళ్లు పేరుకుపోయి ఉంటే, చదువులకు సంబంధించినవి ముందు వరుసలో వినండి. విద్యార్థికి రెండేళ్ల తర్వాత వచ్చే జవాబు జవాబు కాదు. కావాలని నిరాకరించినట్టు తేలితే సెక్షన్ 20 కింద రోజుకు రూ.250, గరిష్ఠంగా రూ.25,000 జరిమానా వేసే అధికారం మీకుంది, దాన్ని వాడండి. రెండోది, సెక్షన్ 25(3) కింద ప్రతి సంస్థ ఏ క్లాజు కింద ఎన్నిసార్లు నిరాకరించిందో మీ వార్షిక నివేదికలో ఉండాలి. యూనివర్సిటీల వారీగా, క్లాజుల వారీగా ఆ పట్టికను విడిగా ప్రకటించండి. ‘జె’ కింద ఎవరు ఎక్కువ దాస్తున్నారో అందరికీ కనిపిస్తుంది. చట్టం స్ఫూర్తికి సరిపడని పద్ధతి కనిపిస్తే మార్చుకోమని సిఫారసు చేసే అధికారం 25(5) కింద మీకు ఎలాగూ ఉంది.

పై విషయాల మీద మార్గదర్శకాలు రానున్న సెమిస్టర్ పరీక్షల నోటిఫికేషన్ లోపు జారీ చేయాలని కోరుతున్నాం. వీటిలో ఏదైనా కుదరదనుకుంటే, ఏది, ఏ నిబంధన వల్ల కుదరదో మాకు తెలుగులో రాసి పంపండి. మాట్లాడటానికి మమ్మల్ని పిలిచేట్టయితే మొదటి షిఫ్టు దిగాక, సాయంత్రం నాలుగు తర్వాత పెట్టండి. ఆదివారం పిలిస్తే ప్లేడే (సెలవు రోజు) మస్టర్ ఉన్నవాళ్లు రాలేరు. సింగరేణి వాళ్లను అడిగితే కమ్యూనిటీ హాలు ఇస్తారు, కుర్చీలు మేము వేయిస్తాం.

ఇట్లు,
మందమర్రి, రామకృష్ణాపూర్, బెల్లంపల్లి విద్యార్థులు, తల్లిదండ్రులు
(సంతకాలు విడి పేజీల్లో. ఫోన్ నంబర్లు, ఇంటి చిరునామాలు ఉన్న ఆ పేజీలను ఎవరైనా సహ చట్టం కింద అడిగితే కప్పి ఇవ్వగలరు.)